మంద దగ్గరికి వైద్యం: గ్రామ పశు ఆరోగ్య కార్యకర్తల శిక్షణ గురించి

వేదిక మీద ఉన్న పెద్దలకు, పశుసంవర్ధక శాఖ మిత్రులకు, శిక్షణ పూర్తి చేసుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, మందలను ఇంకొకరికి అప్పగించి ఈ పూట మా కోసం కేటాయించిన గొల్ల, కురుమ పెద్దలకు నమస్కారం.

పశువైద్యం, శిక్షణ ద్వారా పల్లె జీవనోపాధికి ఎలా తోడ్పడవచ్చో మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అంశం చాలా పెద్దది. పాడి గేదెల గురించి, పాల సంఘాల గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కాబట్టి నేను గొర్రెలు, మేకలు, నాటుకోళ్ల దగ్గరే ఆగుతాను. 2019లో జరిగిన ఇరవయ్యవ పశుగణన ప్రకారం దేశంలో సుమారు 7.43 కోట్ల గొర్రెలు ఉంటే, తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఆ సగాన్ని సాకుతున్నవారిలో అత్యధికులు సెంటు భూమి లేనివారో, ఉన్నా వానమీద ఆధారపడిన ఎకరం రెండెకరాలవారో అన్న సంగతి ఇక్కడున్న వారికి నేను చెప్పనవసరం లేదు. పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాల్సి వస్తే రెండు పొట్టేళ్లు సంతకు పోతాయి, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే ఇంకో నాలుగు పోతాయి. ఆ జీవాలు అమ్ముడుపోవడానికి ముందే దొడ్డిలో చచ్చిపోతే, ఆ ఫీజూ ఆ ఆసుపత్రి ఖర్చూ వడ్డీ వ్యాపారి దగ్గర తేలతాయి. నేను పశు ఆరోగ్యాన్ని చూసేది ఈ లెక్కలోనే.

ఆ చావుల్లో ఎక్కువ భాగం అనుకోకుండా వచ్చేవి కావు, కాలాన్ని బట్టి వచ్చేవే. తొలకరి పడి పది పదిహేను రోజులకు లేత పచ్చిక లేస్తుంది. ఎండాకాలమంతా ఆకలితో ఉన్న జీవాలు దాని మీద పడి కడుపునిండా మేస్తాయి, పేగుల్లో ఎప్పుడూ కొద్దిగా ఉండే సూక్ష్మక్రిములు ఆ మేతకు ఒక్కసారిగా పెరిగి విషాన్ని వదులుతాయి, సాయంత్రం చక్కగా నడిచి దొడ్డికి చేరిన గొర్రె తెల్లవారేసరికి కాళ్లు చాపి పడి ఉంటుంది. ఇదే చిటుకు రోగం. ముందుగా పోయేవి బక్కవి కావు, మందలో బాగా మేసిన, బాగా బలిసిన జీవాలే పోతాయి కాబట్టి కాపరికి నష్టం రెట్టింపు అవుతుంది. వచ్చిన తర్వాత చికిత్సకు వ్యవధి ఉండదు. మే నెలలో, వానకు ముందే టీకా వేసి, మొదటిసారి వేయించుకున్న జీవాలకు రెండు మూడు వారాల తర్వాత మళ్లీ వేస్తే చాలావరకు ఆగుతుంది. వానాకాలం ముదిరి చిత్తడి పెరిగి చిన్న దోమలు లేచాక నీలి నాలుక వస్తుంది. వానలకు ముందే గొంతువాపు టీకా పడాలి. వానలు పడ్డాక బురద గుంటల పక్కన మేసిన మందల్లో కార్జపు జలగలు, నట్టలు (కడుపులోని పురుగులు) పెరుగుతాయి. ఎండాకాలంలో నాటుకోళ్లకు కొక్కెర తెగులు వచ్చి, ఒక వాడలో మొదలై వారం తిరగకముందే ఊరంతా ఊడ్చుకుపోతుంది. ఏ నెలలో ఏది వస్తుందో అనుభవం ఉన్న ఏ కాపరినడిగినా చెబుతాడు. అంతా తెలిసి కూడా ఆ నెలకు ముందు ఆ టీకా ఆ మందకు ఎందుకు చేరడం లేదన్నదే ఈరోజు మనం మాట్లాడుకోవలసిన విషయం.

పారుడు రోగాన్నే తీసుకోండి. శాస్త్ర పరిభాషలో పీపీఆర్ అంటారు. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, ఆ తర్వాత విరేచనాలు, ఊపిరాడక రొప్పు వస్తాయి. టీకాలు పడని మందలోకి వస్తే పిల్లల్లో సగానికి పైగా పోవడం అరుదేమీ కాదు. మొదట ఆఫ్రికాలోని ఐవరీకోస్టులో 1942లో గుర్తించిన ఈ జబ్బు మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. దీనికి మన భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే ముక్తేశ్వర్‌లో ఒక మంచి టీకా తయారుచేశారు. ఒక్క డోసు పడితే కనీసం మూడేళ్లు రక్షణ ఉంటుంది. 2030 నాటికి ఈ జబ్బును ప్రపంచం నుంచే తొలగించాలన్న లక్ష్యాన్ని 2015లో అంతర్జాతీయంగా పెట్టుకున్నారు. అంటే విజ్ఞానం ఉంది, టీకా ఉంది, లక్ష్యం ఉంది. ఎదిగిన గొర్రె ధర వేలల్లో ఉంటే టీకా ఖర్చు రూపాయల్లోనే ఉంది.

ఇలాంటి పని ఇంతకుముందు ఒకసారి పూర్తి చేసి చూపించిన చరిత్ర కూడా ఉంది. ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, మన తాతల కాలంలో ఎడ్లను, ఆవులను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. భారతదేశంలో చివరి కేసు 1995లో కనిపించింది, 2006లో మన దేశానికి ఆ జబ్బు సోకని దేశంగా గుర్తింపు వచ్చింది, 2011లో ప్రపంచం నుంచే అది తొలగిపోయినట్టు ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత పూర్తిగా నిర్మూలనమైన రెండో జబ్బు ఇదే. ఈ విజయంలో ఒక చిన్న భాగాన్ని మన సమావేశాల్లో తగినంతగా చెప్పుకోం. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో రోడ్లు లేవు, కరెంటు లేదు, యుద్ధ భయం ఉంది, ప్రభుత్వ బృందాలు చేరలేవు. అప్పటికి వేడిని తట్టుకుని శీతలీకరణ లేకుండా దాదాపు నెల రోజులు నిలిచే కొత్త రకం టీకాను తయారుచేశారు. 1990ల నడుమ అక్కడి పశుపోషక కుటుంబాల నుంచే మనుషులను ఎంచి, కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, ఆ టీకా సీసాలను వారి చేతికే ఇచ్చారు. మందలతో పాటు నడిచేవారే మందలకు టీకాలు వేశారు. ఏళ్ల తరబడి అందనిది ఆ చోట అలా అందింది. అక్కడ టీకా మారింది, మనిషీ మారాడు. ఆ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా పని జరిగేది కాదు.

మన దగ్గర అఫార్ పరిస్థితి లేదు. మండలానికో పశువుల ఆసుపత్రి ఉంది, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి నడుస్తున్నాయి. ఈనలేక ఇబ్బంది పడే గేదెకు, పాము కరిచిన ఎద్దుకు అవి నిజంగా మేలు చేస్తున్నాయి. అయితే ఐదువేల పశు యూనిట్లకు ఒక డాక్టరు ఉండాలని 1976లోనే జాతీయ వ్యవసాయ కమిషన్ సూచించింది. మన మండలాల్లో ఒక డాక్టరు చూడాల్సిన జీవాల సంఖ్య దానికి ఎన్ని రెట్లో సభలో ఉన్న డాక్టర్లకు తెలుసు. పైగా గొర్రెల మంద ఆసుపత్రికి రాదు. మహబూబ్‌నగర్ వైపు నుంచి కృష్ణ, గోదావరి డెల్టాల దాకా మేపుకుంటూ పోయి, కోత కోసిన పొలాల్లో మంద కట్టి, ఎరువుకు బదులు రైతు ఇచ్చే గింజలో డబ్బో తీసుకుని తిరిగి వచ్చే కాపరి ఏ ఆసుపత్రి పరిధిలో ఉన్నట్టు? అతను ఊళ్లో ఉన్నప్పుడు కూడా ఉదయం ఆసుపత్రి తెరిచేసరికి మంద గుట్ట ఎక్కి ఉంటుంది.

అందుకే ఊళ్లో ఉండి, తెల్లవారుజామున దొడ్డి దగ్గర నిలబడగల మనిషి కావాలి. ఈ ఆలోచన కొత్తది కాదు. కృత్రిమ గర్భధారణ కోసం గోపాలమిత్రలు ఎప్పటి నుంచో ఉన్నారు. స్వయం సహాయక సంఘాల మహిళలను పశు సఖులుగా, కొన్నిచోట్ల పశుమిత్రలుగా తీర్చిదిద్దే పని చాలా రాష్ట్రాల్లో జరుగుతోంది. కేంద్ర పశుసంవర్ధక శాఖ, గ్రామీణ జీవనోపాధుల మిషన్ 2021లో చేసుకున్న ఒప్పందం నుంచి ‘ఎ-హెల్ప్’ పేరుతో, ఇలాంటి మహిళలను శాఖకూ రైతులకూ మధ్య వారధిగా నిలిపే ఒక కార్యక్రమం కూడా వచ్చింది. చట్టం హద్దు ఎక్కడ ఉందో కూడా చెబుతాను, ఎందుకంటే డాక్టర్లలో కొందరికి దీని మీద అనుమానం ఉంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టంలోని 30వ సెక్షన్ వైద్యం చేసే అధికారాన్ని రిజిస్టరైన డాక్టర్లకే ఇస్తూ, రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన తగిన అర్హత గలవారు డాక్టరు పర్యవేక్షణలో చిన్న సేవలు చేయవచ్చని చెబుతోంది. డాక్టరు పర్యవేక్షణలో అన్న మాటలే ఇందులో ప్రాణం. పల్లెలో ఉన్న కార్యకర్త డాక్టరుకు పోటీ కాదు, డాక్టరు చేరలేని చోట డాక్టరు చేయి.

శిక్షణ అంటే తరగతి గదిలో స్లైడ్లు చూపించడం అనుకునేవారు ఒక్కసారి తెల్లవారుజామున మందకు టీకా వేసే చోటికి రావాలి. అక్కడ జరిగేది ఇలా ఉంటుంది. పారుడు టీకా పొడి రూపంలో చిన్న సీసాలో వస్తుంది, ఒక సీసాలో వంద డోసులు ఉండవచ్చు. దాన్ని చల్లటి ద్రావణంలో కలిపిన తర్వాత గంట రెండు గంటల్లో వాడేయాలి. కాబట్టి మంద మొత్తం దొడ్డిలో ఉందా, పట్టుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారా అని చూసుకోకుండా సీసా తెరవకూడదు. టీకాలున్న మంచు డబ్బా మీద ఎండ పడకూడదు, మూత పదేపదే తీయకూడదు. గాలికుంటు టీకా సంగతి వేరు. అది వేడికీ పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది కాబట్టి సీసాను నేరుగా మంచుముక్కల మధ్య పాతిపెట్టకూడదు. పారుడు టీకా చర్మం కింద ఒక మిల్లీలీటరు వేస్తే చాలు, కండలోకి గుచ్చనక్కరలేదు. సూదిని అలాగే ఒక జీవం నుంచి ఇంకో జీవానికి వాడుకుంటూ పోతే గడ్డలు లేస్తాయి, ఒక గడ్డ చూసిన కాపరి మరుసటి ఏడాది దొడ్డి గడియ తీయడు.

అప్పుడు కాపరి అడిగే ప్రశ్న ఒకటుంది. “అమ్మా, సూది పడితే చూడి గొర్రెలు ఈసుకుపోతయంటరు, ఎట్ల మరి?” అని, అంటే గర్భం పోతుందంటారు కదా అని. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం రాని కార్యకర్తకు టీకా వేయడం వచ్చినా లాభం లేదు. పారుడు టీకా వల్ల చూడి జీవాలకు హాని లేదు. ఈనడానికి దగ్గరపడిన గొర్రెను కాలు పట్టి ఈడ్చి, కింద పడేసి, మోకాలు పెట్టి అదిమితే మాత్రం ఈసుకుపోవచ్చు. కాబట్టి, “అయ్యా, నిండు చూడివి ఏవో మీరే చూపించండి, వాటిని మీరే మెల్లగా పట్టుకోండి” అని మంద పెద్దకే ఆ పని అప్పగించిన అమ్మాయికి నా దృష్టిలో శిక్షణ పూర్తయినట్టే.

నట్టల మందు తాపడంలో పొరపాట్లు ఇంకా ఎక్కువ. చూడటానికి చాలా తేలిక పనిలా ఉంటుంది. జీవం తలను ఆకాశానికి ఎత్తిపట్టి గొంతులో పోస్తే, అది మింగేలోపు మందు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. రెండు మూడు రోజులకు రొప్పుతో ఆ గొర్రె చచ్చిపోతే నింద మందు మీదికి పోతుంది. మూతి నేలకు సమానంగా ఉండేలా పట్టుకుని, బుగ్గ పక్కన పళ్లు లేని సందులోంచి గొట్టాన్ని నాలుక మీదికి పెట్టి, మింగడానికి వ్యవధి ఇస్తూ పోయాలి. దగ్గిందంటే తల వదిలేయాలి. ఇక మోతాదు. కంటి అంచనాతో బరువు తక్కువగా లెక్కగట్టి కాస్త తక్కువ పోసేయడం మన దగ్గర మామూలైపోయింది. ఆ తక్కువ మందుకు చావని పురుగులే మిగిలి, వాటి సంతతే పెరిగి, కొన్నేళ్లకు ఆ మందు పనిచేయడం మానేస్తుంది. ఒక మందలో ముప్పై కిలోల గొర్రెలు, ఇరవై కిలోల గొర్రెలు కలిసి ఉంటే, వాటిని వేరుచేసి ఒక్కో గుంపులో అన్నిటికంటే బరువైనదాన్ని బట్టి మోతాదు ఇవ్వాలి. ఒక తూకం కాటా, ఒక గోనె పట్టా ఉంటే బరువు చూడటం పెద్ద పనేమీ కాదు.

శిక్షణ ఒకవైపు నుంచే జరగదు. కాపరులు మందలో తిరుగుతూ, ఏ గొర్రె వెనకబడుతోందో, ఏది నెమరు మానిందో, ఏ పిల్ల తల్లి దగ్గరికి పోవడం లేదో డాక్టరు కంటే ముందు చూస్తారు. కడుపులోని పురుగులు రక్తం పీల్చి పాలిపోయిన గొర్రె కింది కనురెప్పను వంచి చూస్తే లోపల ఎర్రదనం పోయి తెల్లబడి ఉంటుంది, ముదిరితే దవడ కింద నీరు దిగుతుంది. ఈ కనురెప్ప రంగును పోల్చి చూసేందుకు దక్షిణాఫ్రికాలో ఒక రంగుల అట్టనే తయారుచేసి, ఏ జీవానికి మందు అవసరమో, దేనికి అక్కర్లేదో దాంతో నిర్ణయిస్తున్నారు. మన కాపరికి అట్ట లేకపోయినా కన్ను ఉంది. ఆ కన్నును గుర్తించి, దానికి ఒక మోతాదు లెక్కను జోడించడమే శిక్షకుడి పని. అతను చదువుకోలేదు కాబట్టి అతనికి ఏమీ తెలియదన్న భావంతో మొదలుపెట్టిన శిక్షణలు చాలా చూశాను. వాటిలో మధ్యాహ్న భోజనం తర్వాత ఎవరూ మిగలరు.

ఇక్కడ ఆడవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మందతో పోయేది మగవాళ్లు కాబట్టి శిక్షణకు పిలిచేది కూడా వాళ్లనే. కానీ ఇంటి దగ్గర మిగిలిన పాలు మరవని పిల్లలకు, కుంటిదానికి, జబ్బుదానికి మేత వేసేది, దొడ్డి ఊడ్చేది ఇంటి ఆడవాళ్లు. కోళ్లయితే పూర్తిగా వాళ్లవే, ఆ డబ్బు కూడా చాలా ఇళ్లలో వాళ్ల చేతిలోనే ఉంటుంది. కొక్కెర తెగులుకు పిల్ల పుట్టిన వారంలోపే లసోటా టీకాను ఒక చుక్క కంట్లో వేసి, ఎదిగాక ఎనిమిది వారాల వయసులో ఇంకో టీకా వేస్తే ఆ కోళ్లలో చాలావరకు ఎండాకాలం దాటుతాయి. టీకా సీసాల్లో వందల డోసులు ఉంటాయి, ఒక ఇంట్లో ఉండేవి పది కోళ్లు. కాబట్టి ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఒకే పొద్దున అందరి కోళ్లనూ కలిపి చూసే మనిషి లేకపోతే ఈ టీకా ఎవరికీ అందదు. సాయంత్రం కోళ్లు గంప కింద చేరాక గానీ, తెల్లవారి గంప ఎత్తకముందు గానీ వెళ్లాలి. ఆ వేళల్లో ఏ ఇంటి వాకిట్లోకైనా మొహమాటం లేకుండా వెళ్లగలిగేది ఆ ఊరి ఆడమనిషే.

ఇంత చెప్పాక, నా అసలు మాట చెబుతాను. శిక్షణల గురించి మన నివేదికల్లో ఎంతమందికి నేర్పారో అంకె ఉంటుంది, రెండేళ్ల తర్వాత వారిలో ఎంతమంది ఇంకా సూది పట్టుకుంటున్నారో అంకె ఉండదు. మానేసినవారిని అడిగితే పని రాలేదని చెప్పరు. టీకా అడిగిన రోజు ఆసుపత్రిలో లేదని, ఉన్న రోజు తీసుకెళ్లడానికి మంచు డబ్బా లేదని, ఒక గొర్రె చచ్చిపోతే ఊరంతా తన మీద పడినప్పుడు డాక్టరు ఫోన్ ఎత్తలేదని, పొద్దున నాలుగింటికి లేచి చేసిన పనికి ఆరు నెలలైనా డబ్బు రాలేదని చెబుతారు. ఇవన్నీ ఆమె చేతిలో ఉన్నవి కావు, మన చేతిలో ఉన్నవి. సేవాభావం గురించి ఉపన్యాసం ఇచ్చి, ఒక సంచి, ఒక టోపీ చేతికిచ్చి పంపేసే పద్ధతిని మానాలి. నట్టల మందు తాపినందుకు, కోడికి చుక్క వేసినందుకు కాపరి దగ్గర జీవానికి ఇంత అని తీసుకోవడం తప్పు కాదు. కాపరులు ఇవ్వరన్నది నిజం కాదు, సరైన కాలానికి వచ్చి మంచి పని చేసేవారికి ఇస్తారు. మందుల దుకాణంలో ఏదో ఒకటి చేతిలో పెట్టించుకుని ఇప్పుడు ఖర్చు చేస్తున్నది అంతకంటే ఎక్కువ. ప్రభుత్వ టీకాలు ఉచితం కాబట్టి వాటికి ఆమె కూలి ప్రభుత్వమే ఇవ్వాలి, డోసుల లెక్కన, ఆ విడత ముగిసిన నెలలోనే ఇవ్వాలి. గాలికుంటు, పశువుల్లో గర్భస్రావాలు తెచ్చే బ్రూసెల్లా జబ్బుల అదుపు కోసం 2019లో కేంద్రం అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలతో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అంత సొమ్ము మంజూరు చేయగలిగిన దేశంలో, సూది వేసిన మనిషికి సకాలంలో కూలి ఇవ్వలేకపోవడానికి డబ్బు లేకపోవడం కారణం కాదు.

జీవాలు పంచే పథకాల గురించి కూడా ఒక మాట అనక తప్పదు. 2017లో తెలంగాణలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలును కలిపి ఒక యూనిట్‌గా, డెబ్బై అయిదు శాతం సబ్సిడీతో పెద్దఎత్తున పంపిణీ చేశారు. మంద లేనివాడికి మంద ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. కానీ వేరే రాష్ట్రాల సంతల్లో కొన్న జీవాలను లారీలో కుక్కి దూరప్రయాణం చేయించి, కొత్త నీరు, కొత్త మేత, కొత్త జబ్బుల మధ్య దింపినప్పుడు మొదటి రెండు నెలలే గండం. ఆ రెండు నెలలు వాటిని పాత మంద నుంచి వేరుగా ఉంచాలని, దించే ముందే టీకా పడి ఉండాలని, నట్టల మందు పట్టాలని చూసే మనిషి ఊళ్లో లేకపోతే, వచ్చిన ఇరవై ఒకటి పోవడమే కాదు, ఊళ్లో ఉన్నవాటికీ జబ్బు అంటుకుంటుంది. ఏ పథకమైనా, పంపిణీ ఖర్చులో చిన్న భాగం ఆ ఊరి కార్యకర్తకు రెండేళ్లపాటు కేటాయించి ఆ తర్వాతే లారీ ఎక్కించాలని నా సూచన.

శిక్షణ పొందినవారు చేయకూడనివి కూడా ఉన్నాయి, వాటిని మొదటి రోజే చెప్పాలి. యాంటీబయాటిక్ సూది ఎవరు అడిగినా డాక్టరు చెప్పకుండా వేయకూడదు. వేసిన పాడిపశువు పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో డాక్టరును అడిగి ఇంటివారికి చెప్పాలి. డైక్లోఫెనాక్‌ అనే నొప్పి మందును పశువులకు వాడటాన్ని 2006లోనే నిషేధించారు. దాన్ని తీసుకున్న పశువు చచ్చాక ఆ మాంసం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి, అలా మన ఆకాశం నుంచే రాబందులు మాయమయ్యాయి. మనుషుల కోసం వచ్చే ఆ మందు సీసాను పశువుకు వాడే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. జీవం హఠాత్తుగా చచ్చి ముక్కు నుంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. దాన్ని కోయకూడదు, చర్మం ఒలవకూడదు, మాంసం పంచుకోకూడదు. వెంటనే డాక్టరుకు చెప్పి, డాక్టరు చెప్పినట్టు లోతుగా సున్నం వేసి పూడ్చాలి. ఈ ఒక్క విషయంలో ఊరివారి ఒత్తిడికి లొంగకుండా నిలబడటానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం డాక్టరు వెనక ఉన్నాడన్న నమ్మకం నుంచే వస్తుంది.

ఇక్కడున్న మండల డాక్టర్లను మూడు పనులు కోరుతున్నాను. మీ పరిధిలోని కార్యకర్తల ఫోన్ నంబర్లు మీ దగ్గర, మీ నంబరు వాళ్ల దగ్గర ఈ పూటే మార్చుకోండి. నెలకొకసారి ఒక పూట వాళ్లతో కూర్చుని ఏ ఊళ్లో ఏ జీవాలు పోయాయో రాయించండి, మీకు జిల్లా నివేదికకు కావలసిన జబ్బుల సమాచారం కూడా అక్కడే దొరుకుతుంది. ఏ సేవకు ఎంత తీసుకోవాలో మీరూ, సంఘమూ, కాపరులూ కలిసి నిర్ణయించి పంచాయతీ గోడ మీద రాయించండి, అప్పుడు ఆమె ఎవరి దగ్గరా చేయి చాచినట్టు ఉండదు.

మే నెల దగ్గరపడుతోంది. చిటుకు రోగం టీకాకు మీ ఊళ్ల లెక్కలు ఈ వారంలోగా ఆసుపత్రికి ఇవ్వండి, వలసపోయిన మందలు ఎప్పుడు తిరిగొస్తాయో కూడా అందులో రాయండి. బయట చెట్టు కింద కొన్ని జీవాలను కట్టి ఉంచారు, కాటా కూడా తెచ్చారు. నట్టల మందు తాపే పద్ధతిని అక్కడ మన అక్కలే చూపిస్తారు. కాపరి పెద్దలు ముందు వరుసలో నిలబడి, తప్పుగా పట్టుకున్నచోట సరిదిద్దాలని మనవి.